పట్నంలో దిగే బాటసారి పిట్టలు

వలస పక్షులంటే గంజాం జిల్లాలో అందరికీ చిలికా గుర్తొస్తుంది. నలబణ దగ్గర దిగే బాతులు, రాజహంసలు పెద్దవి. గుంపులుగా వస్తాయి, దూరం నుంచే కనబడతాయి. అదే కాలంలో గుప్పెట్లో ఇమిడేంత పిట్టలు కూడా వస్తాయి. ఇవి పాటపిట్టలు (పాడటానికి గొంతులో ప్రత్యేకమైన కండరాలున్న చిన్న పక్షులు). రామయ్యపట్నం తీరంలోని సరుగుడు తోటల్లోనూ, మొగలి పొదల్లోనూ వాలినట్టే బరంపురం నడిబొడ్డునున్న చెట్ల మీదా వాలతాయి. వాటిని చూసేవాళ్లే తక్కువ.

వీటిలో గ్రీనిష్ వార్బ్లర్ బరువు సుమారు 8 గ్రాములు. హిమాలయాల నుంచి, ఇంకా ఉత్తరాది అడవుల నుంచి వస్తుంది. టైగా ఫ్లైక్యాచర్ సైబీరియా వైపు నుంచి వస్తుంది. పొన్నంకి పిట్ట (ఇండియన్ పిట్టా) మాత్రం దేశం దాటి రానక్కర్లేదు. హిమాలయాల పాదాల దగ్గర, మధ్య భారతంలో పిల్లల్ని చేసి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ వెళుతుంది. శాస్త్రం లెక్కన ఇది పాటపిట్టలకు చుట్టమే తప్ప వాటి శాఖది కాదు. ప్రయాణం తీరు మాత్రం ఒకటే.

ఇంత చిన్న ప్రాణి జనసమ్మర్దం ఉన్న ఊళ్లో ఎందుకు దిగుతుంది? కారణం రాత్రి ప్రయాణం. చాలా పాటపిట్టలు పొద్దుగూకాక బయల్దేరతాయి. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది. ఒంట్లో నీరు తక్కువ ఖర్చవుతుంది, డేగల బెడద ఉండదు. నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం దారి చూపుతాయి. అయితే ఊరి దీపాలు వాటిని తమవైపు లాగుతాయి, దారి తప్పిస్తాయి. తెల్లారేసరికి పిట్ట అలిసిపోయి కింద ఏది పచ్చగా కనబడితే అక్కడ వాలుతుంది. పల్లెలో అయితే వంద తోటలకు చెదిరిపోతాయి. పట్నంలో దిగడానికి ఉన్నవి కాలేజీ ఆవరణ, ఆసుపత్రి చెట్లు, గుడి తోట, చెరువుగట్టు. అందుకే నాలుగు చెట్లున్న చోట ఊహించని పిట్ట కనబడుతుంది.

అరుదు అన్న మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి. కొన్ని పిట్టలు ఏటా ఈ దారినే వెళతాయి, కానీ ఒకటి రెండు రోజులే ఆగుతాయి. ఆ రోజు చూడకపోతే అవి లేనట్టే లెక్క. ఇంకొన్ని నిజంగా దారి తప్పినవి. తొలి ఏడాది పిల్లలు చాలావరకు తల్లిదండ్రుల తోడు లేకుండానే బయల్దేరతాయి. ఎటు వెళ్లాలో, ఎంతకాలం వెళ్లాలో పుట్టుకతోనే వస్తుంది. ఆ దిక్కు కాస్త పొరపడినా, గాలి పక్కకు నెట్టినా వేరే చోట తేలతాయి. ఈ తీరంలో అక్టోబరు వలసల నెల, తుపానుల నెల కూడా. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి.

అరుదైనదాన్ని పట్టుకోవాలంటే ముందు రోజూ ఉండేవి తెలియాలి. పిగిలిపిట్ట, తేనెపిట్ట, కుట్టుపిట్ట కూతలు, నడతలు చెవికీ కంటికీ అలవాటైతే, కొత్త కూత దానంతటదే వేరుగా వినబడుతుంది. రంగుకంటే కదలిక నమ్మదగినది. టైగా ఫ్లైక్యాచర్ తోకను పైకి విసురుతుంది, అప్పుడు నల్లటి తోక మొదట్లో రెండు తెల్ల మచ్చలు మెరుస్తాయి. ఫారెస్ట్ వాగ్‌టెయిల్ తన జాతి పిట్టల్లా తోకను కిందికీ పైకీ ఆడించదు. ఒళ్లంతా పక్కలకు ఊపుతుంది. పొన్నంకి పిట్ట నేలమీద ఎండాకులు తిరగేస్తూ తిరుగుతుంది, తెల్లవారుజామున, సందెవేళ రెండు స్వరాల ఈల వేస్తుంది.

ఈ గమనింపు ఇక్కడ కొత్తది కాదు. 1836లో మద్రాసుకు వచ్చిన వైద్యుడు టి.సి. జెర్డన్ మొదట పనిచేసింది గంజాంలోనే. జ్వరాలు సోకిన సైనికులకు మందులిస్తూ తూర్పు కనుమల పక్షులపై ఆసక్తి పెంచుకున్నాడు. 1862-64లో వెలువడిన 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో పక్షుల తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల్లో పక్షుల రాకపోకల మీద ట్రెవర్ ప్రైస్ 1979లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో సుదీర్ఘమైన వ్యాసం రాశారు.

దీపాలు, అద్దాలు కలిస్తే ప్రమాదం పెద్దది. 2023 అక్టోబరులో అమెరికాలోని షికాగోలో ఒక్క భవనం అద్దాలను ఢీకొని ఒక్క రాత్రిలో వెయ్యికి దగ్గరగా పక్షులు చనిపోయాయి. మరుసటి ఏడాది ఆ అద్దాలకు చుక్కల పొర అంటించాక చావులు బాగా తగ్గాయి. అంటే మందు ఉంది.

బరంపురంలోనైనా విశాఖలోనైనా చేయవలసినవి కొన్నే. చెట్ల కింద రాలిన ఆకుల్ని ఊడ్చి తగలబెట్టకండి, పిట్టల తిండి అందులోనే ఉంది. వలస నెలల్లో అక్కర్లేని మేడ దీపాలు ఆర్పండి. అద్దానికి తగిలి సొమ్మసిల్లిన పిట్ట దొరికితే గాలాడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, తేరుకున్నాక వదలండి. నోట్లో నీళ్లు పోయకండి. ఫోటో కోసం ఫోన్లో కూతలు మోగించి పిలవకండి, అలిసిన పిట్టకు ఆ కాస్త శక్తీ ప్రాణమే. చూసినదాన్ని తేదీ, చోటు, వేళ వేసి రాసిపెట్టండి, పక్షుల వివరాలు చేర్చే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయండి. మామూలు పిట్టల్ని కూడా రాయండి. ఏది మామూలో రాసిపెట్టి ఉంటేనే ఏది అరుదో తేలుతుంది.