ఎండల తొవ్వ పట్టేముందు కుక్క పానం ఎరుక జేసుకోండ్రి

ఎండకాలం వచ్చిందంటే మన ఊర్లల్ల రెండే పనులు. ఒకటి పెండ్లిండ్లు, రెండు సుట్టాల ఇండ్లకు పోవుడు. యాసంగి వడ్లు కాంటా అయ్యి, పోరగాండ్ల పరీక్షలు ఒడిసినంక ఇంటిల్లిపాది బయలెల్లుతరు. ఇంతకుముందు బస్సెక్కి పోయేటోళ్ళం. ఇప్పుడు ఇంటికో బైకు, వాడకు రెండు మూడు కార్లు. బండి ఉన్నదంటే కుక్క గూడ ఎక్కుతది. ఫోన్ తెరిస్తే సాలు, కారు కిటికీలకెల్లి మూతి బయటవెట్టిన కుక్కల రీల్సే. సూస్తే ముచ్చటనే. కని ఆ రీల్‌ల ఎండ ఎంత ఉన్నదో కనవడది, ఆ కుక్కకు ఎంత దూపైతున్నదో అస్సలే కనవడది.

నేను చెప్పేది ఒక్కటే ముచ్చట. కుక్క ఒళ్ళు మన ఒళ్ళు లెక్క సల్లవడది. ఈ ఒక్క తేడా సమజైతే ఎప్పుడు బయలెల్లాలె, యాడ ఆగాలె, ఏం వెట్టాలె, అసలు తోల్కపోవాల్నా వద్దా అనేది ఎవ్వలు చెప్పకున్నా మనకే తెలుస్తది. సమజ్ కాకుంటే పావుగంటల పానం పోతది.

మన ఒంటి వేడి మామూలుగ 37 డిగ్రీల సెల్సియస్. కుక్కది 38.3 నుంచి 39.2 దాక ఉంటది. అంటే మనకు జరం వచ్చినప్పుడు ఉండే వేడి దానికి ఎప్పుడూ ఉండేదే. అది 41 దాటిందంటే ఎండదెబ్బ. ఆ వేడికి మెదడు, కిడ్నీలు, పేగులు దెబ్బతింటయి. మామూలు వేడికీ, పానం తీసే వేడికీ మధ్యల ఉన్నది రెండు డిగ్రీలే.

మనకు ఉడుకైతే ఒళ్ళంత చెమట పడుతది. ఆ చెమట ఆవిరైతుంటే ఒళ్ళు సల్లవడుతది. కుక్కకు పాదాల కింది మెత్తలల్ల తప్ప యాడ చెమట పట్టది. దానికున్న తొవ్వ ఒగర్చుడే. నాలిక బయటవెట్టి హా హా అని ఒగరుస్తుంటే నాలిక మీద, నోట్ల, ముక్కుల ఉన్న తడి ఆవిరైతది. ఆ ఆవిరితోని లోపలి వేడి బయటికి పోతది. మన ఇంట్ల రంజన్ల నీళ్ళు సల్లవడేది గూడ గిట్లనే. రంజన్ ఒంటి మీదికి ఊరిన తడి గాలికి ఆవిరైతేనే లోపలి నీళ్ళు సల్లగైతయి. అదే రంజన్‌ను గాలాడని అర్రల వెట్టి తలుపేసి సూడుండ్రి, నీళ్ళు సల్లవడయి. కుక్క గూడ అంతే. దానికి ఆడే గాలి కావాలె, ఆవిరయ్యేందుకు ఒంట్ల నీళ్ళు కావాలె. ఈ రెండిట్ల ఏది తక్కువైనా అది ఎంత ఒగర్చినా ఫాయిదా లేదు.

"మాది ఊరకుక్కనే, దానికేమైతది, ఎండలనే పుట్టింది" అంటరు కొందరు. అండ్ల కొంత నిజమున్నది. ఊరకుక్కకు బొచ్చు పొట్టిగ, మూతి పొడుగ్గ ఉంటది. అందుకే అది మిగతా కుక్కల కంటె ఎండకు ఆగుతది. కని అది ఆగేది దాని ఇష్టమున్నప్పుడు నీడకు పోగలిగితేనే. పగటీలి ఊర్ల తిరిగి సూడుండ్రి, ఒక్క కుక్క ఎండల కనవడది. జాలారి కాడ తడి మన్ను తవ్వుకోని పంటది, లేకుంటే ట్రాక్టర్ కింద పంటది. మనం తాడు కట్టి బండెక్కించినమంటే ఆ నీడను దాని దగ్గరికెల్లి గుంజుకున్నట్టే. ఇగ పగ్ లాంటి సప్పిడి మూతి కుక్కలకు ముక్కు తొవ్వ ఇరుకు, ఒగర్చుడే కష్టం. హస్కీ మంచు దేశంది, దానికి రెండు పొరల బొచ్చు. ఎండకాలం అసొంటి కుక్కలతోని దూరం పోవుడు నా లెక్కల వద్దే వద్దు. సల్లగుంటదని హస్కీ బొచ్చు మొత్తం గొరిగిచ్చుడు గూడ తప్పే. ఆ బొచ్చే దాని తోలుకు ఎండ తాకకుంట ఆపుతది.

అన్నిటికన్న పెద్ద గండం ఆపిన కారు. బయట 35 డిగ్రీలుంటే అద్దాలు మూసిన కారు లోపల పది నిమిషాలల్ల 45 దాటుతది, అరగంటల 50 దాటుతది. మన రోహిణి కార్తెల బయటనే 44 ఉంటది, ఇగ లోపలిది మీరే లెక్కజేసుకోండ్రి. అద్దం రెండేళ్ళు దించితే ఏం ఫరక్ పడది. "చాయ తాగి ఇప్పుడే వస్త" అని పోయేది పది నిమిషాలు, దాబాల ఆర్డర్ ఇచ్చి తినేది అరగంట. అంతట్లనే పని ఖతమైతది. దిగితే కుక్కను దించాలె, లేకుంటే ఒకరు ఏసీ నడుస్తున్న బండ్ల దానితోనే కూసోవాలె. మూడో తొవ్వ లేదు.

ట్రాలీ ఆటోల ఎక్కిస్తే ఇనుప రేకు పెనం లెక్క కాల్తది. కింద వరిగడ్డి పరిచి, మీద తడి గోనెసంచి ఎయ్యాలె, పైన నీడకు ఏదన్న కట్టాలె. మెడకు తాడు కట్టి వదిలేస్తే కుక్క అంచు దునికి ఉరి పడే ప్రమాదముంటది. దాని పక్కన మనిషి ఉండాలె. బైకు ట్యాంకు మీద కూసోవెట్టుకోని దూరం పోవుడు మాత్రం మానుకోండ్రి. కింద ఇంజన్ వేడి, మీద ఎండ, ముంగట వడగాలి. బ్రేకేస్తే అదీ పడ్తది, మీరూ పడ్తరు. రైళ్ళ తీస్కపోదామంటే స్లీపర్ బోగీల ఎక్కనియ్యరు. ఫస్ట్ ఏసీ కూపే మొత్తం తీసుకోవాలె, లేకుంటే గార్డు బోగీల డబ్బాల పంపాలె. మే నెలల ఆ డబ్బాల పంపుడు నాకైతే మనసొప్పది.

మేం పోయిన మే నెలల కామారెడ్డి దిక్కు మా ఊరి నుంచి ఆదిలాబాద్ కాడ మా అక్కోళ్ళ ఊరికి పోయినం. పది రోజులు ఇంటికి తాళం, అందుకని మా మోతి గాన్ని వెంట తీస్కపోవాల్సొచ్చింది. ఇద్దరు ముగ్గురు అడిగిండ్రు గనక ఎట్ల పోయినమో చెప్త.

వారం ముందు నుంచే రోజు పొద్దుగాల వాన్ని కార్ల ఎక్కిచ్చి ఊరి బస్టాండ్ దాక తిప్పి తీస్కచ్చినం. కారు అంటే భయం వోయింది, కక్కుడు తగ్గింది. ముందురోజు రాత్రి మామూలుగ బువ్వ వెట్టినం, పొద్దుగాల మాత్రం ఏం వెట్టలే, నీళ్ళే. కడుపు నిండ తిన్న కుక్క తొవ్వల కక్కుతది. కక్కితే ఒంట్ల నీళ్ళు వోతయి. నాలుగు గంటలకు బయలెల్లినం. 44వ నెంబర్ జాతీయ రహదారి మీద ఆర్మూర్ దాటి, సోన్ కాడ గోదారి దాటేసరికి ఎండ లేసింది. మేం ఉత్తరం దిక్కు పోతున్నం, పొద్దు కుడిదిక్కు నుంచి వొడుస్తది. అందుకే వాన్ని ముందే ఎడమదిక్కు కిటికీ కాడ కూసోవెట్టినం. కుడి అద్దానికి నాయిన తన తువ్వాల కట్టిండు. నిర్మల్ దాటి గుట్టలెక్కేటప్పుడు మలుపులల్ల జారకుంట కింద పాత బొంత పరిచినం. ఎండ ముదరకముందే, తొమ్మిది లోపల అక్కోళ్ళ ఇంట్ల ఉన్నం.

గంటన్నరకు ఒకసారి ఆగినం. ఆగినప్పుడు మొదటి పని తలుపు తెరుసుడు కాదు, తాడు పట్టుకునుడు. నాలుగు లైన్ల రోడ్డు మీద కొత్త జాగల తలుపు తెరిస్తే కుక్క దునికి ఉర్కుతది, దాని వెనక లారీ వస్తది. ఇంటి నుంచే అయిదు లీటర్ల క్యాను, ఒక స్టీలు గిన్నె తీస్కపోయినం. నీళ్ళు కొన్ని కొన్ని, మాటిమాటికి పోసినం. కిటికీ నాలుగేళ్ళ సందు మాత్రమే దించినం. తలకాయ బయటవెడితే దుమ్ము, పురుగులు కండ్లల్ల వడ్తయి. రీల్‌కు బాగుంటది కని కుక్క కంటికి బాగుండది.

డాంబర్ రోడ్డు మీద నడిపిచ్చేముందు మీ అరచెయ్యి వెనకదిక్కు రోడ్డుకు ఆనిచ్చి ఏడు లెక్కవెట్టుండ్రి. మీకు కాలితే దాని పాదం గూడ కాల్తది. రోహిణి ఎండకు పగటీలి డాంబర్ 60 డిగ్రీలు దాటుతది. మనకు చెప్పులున్నయి, దానికి లెవ్వు. మన్ను మీద, గడ్డి మీద, చెట్టు నీడల నడిపియ్యాలె.

తిండి ముచ్చట గూడ చెప్పాలె, ఎందుకంటే సుట్టాల ఇంట్ల ప్రేమ ఎక్కువ. మామిడి టెంక చీకి కుక్కకు ఇసిరేస్తరు. అది మింగితే పేగుల అడ్డం వడ్తది, ఆపరేషన్ దాక వోతది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్కకు విషం లెక్క. బిర్యానీ మిగిలిందని వెడితే అండ్ల ఉల్లిగడ్డ ఉంటది. ఉడికిన కోడి బొక్కలు పగిలి సూదుల లెక్క కుచ్చుకుంటయి. పెరుగన్నం మంచిది, పుచ్చకాయ గింజలు తీసి నాలుగు ముక్కలు వెట్టొచ్చు.

అక్క పోరగాండ్లు కుంటాల పోదాం, మోతిని గూడ తీస్కపోదాం అన్నరు. ఎండకాలం కుంటాల జలపాతంల నీళ్ళే సన్నగుంటయి, అది వేరే ముచ్చట. కుక్కను మాత్రం వద్దన్న. ఆ దిక్కంత అడవి. 2012ల పులుల అభయారణ్యం అయిన కవ్వాల్ గూడ అటే ఉన్నది. అసొంటి అడవులల్లకు పెంపుడు కుక్కలను తీస్కపోవద్దు. మన కుక్క నుంచి అడవి జీవాలకు రోగాలంటుతయి. 2018ల గుజరాత్ గిర్ అడవిల సింహాలు సచ్చినప్పుడు వాటి ఒంట్ల బయటవడ్డది కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరసే. మోతి ఆ పూట బావ కాడ యాప చెట్టు కింద పన్నడు, మేం పోయొచ్చినం.

బయలెల్లేముందు పశువుల దవాఖానకు ఒకసారి పోవాలె. రేబిస్ టీకా ఏడాదికోసారి పడాలె. కొత్త ఊర్ల కొత్త కుక్కలు, కొత్త పిల్లలు ఉంటరు. యాడ ఎవల్ని కరిచినా ఆ టీకానే అందరి పానానికి కాపు. కరిస్తే పసుపు, కారం రుద్దుడు కాదు, పారే నీళ్ళకింద సబ్బుతోని పదిహేను నిమిషాలు కడిగి, అప్పటికప్పుడే దవాఖానకు పోవాలె. ఎండకాలం పిడుదులు గూడ ఎక్కువ. చెవులల్ల, వేళ్ళ సందులల్ల సూడాలె. వాటితోని వచ్చే జరం కుక్క రక్తాన్నే తింటది.

ఇగ ఎండదెబ్బ తాకితే ఎట్ల తెలుస్తది? ఆగకుంట ఒగరుస్తది, సొంగ చిక్కగ కారుతది, చిగుళ్ళు ఎర్రగైతయి, నడిస్తే తూలుతది, కక్కుతది, ఆఖరుకు పడిపోతది. అప్పుడు ముందు సల్లవరచాలె, తర్వాతనే దవాఖానకు ఉర్కాలె. నీడకు తెచ్చి, మామూలు సల్లటి నీళ్ళు కడుపు కింద, తొడల సందుల, పాదాల మీద పోస్తనే ఉండాలె, విసనకర్రో ఫ్యానో తోని గాలి కొట్టాలె. ఐసు కోసం టైము పాడుచెయ్యొద్దు. తడి బట్ట కప్పి వదిలెయ్యొద్దు, అది వేడిని లోపలనే ఆపుతది. సోయి లేని కుక్క నోట్ల నీళ్ళు పొయ్యొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతయి. లేసి నిలవడ్డా సరే డాక్టర్‌కు సూపియ్యాలె, లోపలి దెబ్బ రెండు రోజులకు గూడ బయటవడుతది. పశువుల అంబులెన్స్ నెంబర్ 1962 ఫోన్ల ఎక్కిచ్చుకోండ్రి.

కొందరు తీస్కపోయిన కుక్కను తొవ్వల దించి వస్తరు, ఊరికి దూరంగ. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అది నేరం. జీవాన్ని బాధవెట్టేటట్టు బండ్ల తీస్కపోవుడు గూడ నేరమే. మొదటి తప్పుకు ఆ చట్టంల జుర్మానా పదికెల్లి యాభై రూపాయల దాకనే. అరవై ఏండ్లు దాటినా ఆ అంకె మారలే. చట్టం భయపెట్టేటట్టు లేదు గనక మన ఇమానమే దానికి దిక్కు.

తోల్కపోవుడే ప్రేమ కాదు. చాన సార్లు ఇంటికాడ ఉంచుడే అసలు ప్రేమ. పొద్దుగాల బయలెల్లే వీలు లేకుంటే, పోయేది పెండ్లి అయితే, డీజే మోత ఉంటే, ఉంచుండ్రి. కని గొలుసు కట్టి తాళమేసి పోవద్దు. నీడ జరిగినప్పుడు అది గూడ జరగాలె కదా. గోలెం నిండ నీళ్ళు నీడల వెట్టి, రోజు రెండు పూటల బువ్వ వెట్టి నీళ్ళు మార్చే మనిషికి అప్పజెప్పి పొండ్రి. పక్కింటి చిన్నమ్మకు చెప్పుండ్రి, వచ్చేటప్పుడు ఆమెకు చీరో స్వీటు డబ్బో తెండ్రి. ఆ గోలెం కాడ మీ కుక్కే కాదు, కుంటలెండి దూపకు తిరిగే వాడకట్టు కుక్కలు గూడ నాలుగు గుక్కలు తాగుతయి.