నీ ఊరు నువ్వే కాపాడుకో అంటే

రాయ్‌పూర్‌లో పండరీ అంటే టోకు బట్టల మార్కెట్టు, పాత బస్టాండు. 2021లో బస్టాండును భాటాగావ్‌కు మార్చేదాకా బస్తర్ వెళ్లే బస్సు ఎక్కాలంటే ఇక్కడికే రావాలి. ఇంకో పక్క మోవా, విధానసభ మీదుగా పోయే రోడ్డు బలౌదా బజార్ చేరుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించే ఈ రెండు దారుల చివరా గత ఇరవై ఏళ్లలో ఒకే ప్రశ్న లేచింది. కాపాడాల్సిన సర్కారు కాపాడనప్పుడు ఒక కులం, ఒక తెగ, ఒక ఊరు తనను తాను ఎలా కాపాడుకోవాలి? 2024 మే నెల మధ్యలో బలౌదా బజార్ జిల్లాలో, సత్నామీలనే దళిత సముదాయపు గురువు ఘాసీదాస్ పుట్టిన గిరౌద్‌పురికి దగ్గర్లో, వాళ్లు పవిత్రంగా చూసుకునే జైత్‌ఖామ్ స్తంభాన్ని ఎవరో ధ్వంసం చేశారు. ముగ్గుర్ని అరెస్టు చేశారు. అసలు దోషులు వేరే ఉన్నారని సత్నామీలు నమ్మారు, సీబీఐ దర్యాప్తు అడిగారు. జూన్ 10న సభకు వచ్చిన జనం కలెక్టరేట్ మీద పడ్డారు. ఎస్పీ ఆఫీసున్న భవనం, ఆవరణలోని బండ్లు తగలబడ్డాయి. వందమందికి పైగా జైలుకు పోయారు. నెలరోజులుగా జైత్‌ఖామ్ చుట్టూ తిరిగిన వార్త ఆ సాయంత్రం నుంచి కాలిపోయిన కార్ల చుట్టూ తిరిగింది.

అది కోపం, ఒక్క పూటలో అయిపోయింది. దక్షిణాన బస్తర్‌లో జరిగింది అలాంటిది కాదు. అక్కడ సర్కారే పూనుకుని ఒక జనసమూహానికి ఆత్మరక్షణ పేరుతో తుపాకులిచ్చింది, జీతమిచ్చింది, ఏళ్ల తరబడి నడిపించింది. ఆత్మరక్షణ అనేది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికి మన దేశంలో జరిగిన పెద్ద ప్రయోగాల్లో అది ఒకటి. దాన్ని నిలువరించిన తీర్పు రాసిన న్యాయమూర్తి తెలుగువాడు, రంగారెడ్డి జిల్లాకు చెందిన బి.సుదర్శన్ రెడ్డి. ఆ ప్రయోగానికి తట్టుకోలేక సరిహద్దు దాటి వచ్చినవాళ్లు ఇవాళ భద్రాచలం, ములుగు అడవుల్లో మన మధ్యే ఉన్నారు. కాబట్టి ఇది పక్క రాష్ట్రం గొడవ అని పక్కన పెట్టడానికి లేదు.

ముందు చట్టం ఏమంటుందో చూడాలి. చాలామంది అనుకునేటంత పిరికి చట్టం కాదు మనది. పాత ఐపీసీలో 96 నుంచి 106 వరకు, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లన్నీ దీని గురించే. నీ ప్రాణాన్నే కాదు, ముక్కూ ముఖం తెలియని మనిషి ప్రాణాన్నయినా నువ్వు కాపాడవచ్చు. చంపుతాడన్న భయం న్యాయమైనదైతే, ఎదురు దెబ్బకు అవతలివాడు చనిపోయినా నేరం కాదు. ఆపద ముంచుకొచ్చినప్పుడు పౌరుడు పిరికివాడిలా పారిపోనక్కర్లేదని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత చట్టంలో 106వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఒక మనిషిని చంపడానికి గుంపు మీదికొస్తోంది. కాల్చకపోతే చస్తాడు, కాల్చితే గుంపులో ఉన్న చిన్నపిల్లలకు తగలవచ్చు. అయినా కాల్చవచ్చు, పిల్లలకు తగిలినా నేరం కాదంటుంది చట్టం. అంత దూరం వెళ్లిన చట్టమే రెండు గీతలు గీసింది. పోలీసుల దగ్గరికి వెళ్లే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. ఆపదను ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించి ఒక్క దెబ్బ వేయడానికి కూడా లేదు. అంటే ఈ హక్కు మనిషిది, ఆ గడియది. నిన్న జరిగిన దానికి బదులుగానో, రేపు జరగవచ్చన్న అనుమానంతోనో దాన్ని వాడుకోవడం కుదరదు. కులానికి, తెగకు, మతానికి ఈ హక్కు ఉన్నట్టు ఆ సెక్షన్లలో ఎక్కడా లేదు.

ఇక బస్తర్ సంగతి. 2005 జూన్‌లో, అప్పటికి దంతెవాడ జిల్లాలో ఉన్న కుట్రు ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టుల ఆంక్షలతో, శిక్షలతో విసిగిన ఆదివాసులు కొందరు నిజంగానే తిరగబడ్డారు. జాతీయ మానవ హక్కుల సంఘం 2008 నివేదిక కూడా అది దానంతటదే పుట్టిన స్పందనేనంది. ఆ మాట పూర్తిగా ఒప్పుకున్నా, తర్వాత జరిగింది వేరు. ప్రతిపక్ష నాయకుడైన కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మ ముందు నడిచాడు, బీజేపీ ముఖ్యమంత్రి రమణ్ సింగ్ సర్కారు వెనక నిలబడింది. మిగతా అన్నిటిలో కొట్టుకునే రెండు పార్టీలు ఇక్కడ మాత్రం చక్కగా కలిసిపోయాయి. 644 గ్రామాలు దీని పరిధిలోకి వచ్చాయని సర్కారు లెక్క. దోర్నపాల్, ఎర్రబోర్, కోంటా వంటి చోట్ల శిబిరాలు లేచాయి. దాదాపు 50 వేల మంది ఊళ్లు వదిలి రోడ్డు పక్క రేకుల కిందికి చేరారు. చేరినవాళ్లు మనవాళ్లు, చేరనివాళ్లు అవతలివాళ్లు. ఊళ్లో పొలం చూసుకుంటూ ఉండిపోయినవాడు ఏ తుపాకీ ముట్టకపోయినా అనుమానితుడే. ఒకే తెగ, ఒకే భాష, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ల మధ్య గీత పడింది.

శిబిరాల్లోని కుర్రాళ్లను ప్రత్యేక పోలీసు అధికారులుగా, అంటే ఎస్పీవోలుగా, తీసుకున్నారు. సుప్రీంకోర్టు తీర్పు నాటికి వాళ్లు 6,500 మంది, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. అయిదో తరగతి పాసైనవాళ్లకు ప్రాధాన్యం, శిక్షణ రెండు నెలలు. ఆ తుపాకులు వాళ్ల ఆత్మరక్షణ కోసమేనని రాష్ట్రం వాదించింది. ఆ వాదనే కోర్టుకు కంటగింపయింది. ఎప్పుడు కాల్చవచ్చో, ఎప్పుడు ఆగాలో, అవసరానికి మించిన దెబ్బ ఏదో తేల్చడానికి సెషన్స్ కోర్టుల్లో లాయర్లు రోజుల తరబడి వాదిస్తారు. చదువు సరిగా అందని పిల్లవాణ్ణి అడవిలో, రాత్రిపూట, అర నిమిషంలో తేల్చుకోమన్నారు. వీళ్లలో చాలామంది మావోయిస్టుల చేతిలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లేనని సర్కారు గొప్పగా చెప్పుకుంది. పగతో రగిలే మనిషి చేతికి తుపాకీ ఇస్తే అతను రక్షకుడవుతాడా అన్నది న్యాయమూర్తుల సందేహం. సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్ వేసిన కేసులో 2011 జులై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇచ్చిన తీర్పు, ఈ ఏర్పాటు సమానత్వ హక్కునూ జీవించే హక్కునూ రెండింటినీ తొక్కేసిందని తేల్చింది. మావోయిస్టులపై పోరులో ఎస్పీవోలను వాడవద్దని, తుపాకులు వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది: ఆ తీర్పు ఎస్పీవోలను దోషులుగా చూడలేదు, వాళ్లకూ భద్రత కల్పించాలంది. ఎందుకంటే అప్పటికి 173 మంది ఎస్పీవోలు చచ్చిపోయారు. 2007 మార్చి 15న రాణీబోద్లీ పోలీసు క్యాంపు మీద మావోయిస్టులు పడినప్పుడు చనిపోయిన 55 మందిలో ఎక్కువమంది వీళ్లే. అంతకు ముందు ఏడాది ఎర్రబోర్ శిబిరంలో 30 మందికి పైగా బలయ్యారు. ఆత్మరక్షణ కోసం చేతికొచ్చిన తుపాకీ వాళ్ల వీపు మీద గురి గీసింది.

ఇక అవతలి వైపు. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం అనే మూడు ఊళ్లలో 200కు పైగా ఇళ్లు కాలిపోయాయి. సహాయం తీసుకెళ్లిన సామాజిక కార్యకర్త స్వామి అగ్నివేశ్ మీద దాడి జరిగింది. కోర్టు చెప్పిన మీదట విచారించిన సీబీఐ 2016లో కొందరు ఎస్పీవోల మీద అభియోగపత్రం వేసింది. దానికి జవాబుగా బస్తర్‌లో యూనిఫారం వేసుకున్న జవాన్లు రోడ్డు మీదికొచ్చి, తమను విమర్శించిన సామాజిక కార్యకర్తల దిష్టిబొమ్మలు తగలబెట్టారు. చట్టం కింద పనిచేసే పోలీసుకు, తన జనం తరఫున కత్తి పట్టాననుకునే మనిషికి మధ్య తేడా ఎక్కడ మాయమైందో ఆ దృశ్యం చూపించింది.

జనసమూహాలకు తుపాకులివ్వకూడదనే ఈ వాదనకు గట్టి అభ్యంతరాలున్నాయి. ఆ తీర్పు లేకుంటే నక్సలిజం 2020 నాటికే అంతమై ఉండేదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2025 ఆగస్టులో అన్నారు. అప్పుడు సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థి, కాబట్టి ఆ మాటలో ఎన్నికల వేడి కొంత ఉంది. అయినా వాదనగా దాన్ని తూచాల్సిందే. తీర్పు వచ్చిన ఏడాదే ఛత్తీస్‌గఢ్ సహాయక సాయుధ పోలీసు దళం పేరుతో కొత్త చట్టం చేసి అదే మనుషుల్ని మళ్లీ తీసుకుంది. అలా చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని 2025 మేలో సుప్రీంకోర్టే చెప్పింది. అంటే రాష్ట్రం చేతులు ఎవరూ కట్టేయలేదు. 2025 మే 21న నారాయణపూర్ జిల్లా అడవుల్లో మావోయిస్టు ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటకు చెందిన నంబాల కేశవరావు చనిపోయిన ఎన్‌కౌంటర్ జరిపింది జిల్లా రిజర్వ్ గార్డ్ అనే దళం. శిక్షణ, క్రమం తప్పని జీతం, పైఅధికారి, రికార్డు ఉన్న బలగం అది. శిబిరాల్లో కుర్రాళ్లకు పంచిన తుపాకులు సాధించలేనిది ఆ బలగం సాధించిందంటే, అమిత్ షా మాట కంటే తీర్పు మాటకే బలం వస్తుంది. అయితే ఆ దళంలోనూ పాత ఎస్పీవోలు, లొంగిపోయిన మావోయిస్టులు ఉన్నారు, పాత పగలు యూనిఫారం లోపలికి వచ్చేశాయన్న విమర్శ ఉంది. అది తోసిపుచ్చదగ్గది కాదు.

దీని కంటే బరువైన అభ్యంతరం దళితవాడల నుంచి వస్తుంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపినప్పుడు పోలీసు ఎక్కడున్నాడు? చుండూరుకు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇంత చూసినవాడికి వెళ్లి కేసు పెట్టుకో అని చెప్పడం వెటకారంలా వినిపిస్తుంది. ఆ కోపానికి జవాబు లేదు. కానీ ఆ పోరాటం పట్టిన దారి గమనించాలి. కారంచేడు బాధితులు చీరాలలో శిబిరం వేసుకుని కదలలేదు, ఆ కదలిక నుంచి దళిత మహాసభ పుట్టింది, దాని ఒత్తిడి 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దాకా పాకింది. ఆ చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో చాలామందికి తెలియని ఏర్పాటు ఒకటుంది. దాడుల భయమున్న ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల తుపాకీ లైసెన్సులు రద్దు చేయవచ్చు, అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వవచ్చు. బస్తర్ పద్ధతికి ఇది సరిగ్గా ఎదురు. ఇక్కడ తుపాకీ ఒక పేరు మీద ఉంటుంది, తూటాకు లెక్క ఉంటుంది, తప్పు చేస్తే బోనెక్కేది ఆ ఒక్కడే. దాన్ని అమలు చేసే కలెక్టర్లు ఎందరన్నది వేరే సంగతి.

అమెరికా నల్లవాళ్ల అనుభవం కూడా ఇదే చెబుతుంది. 1964లో లూసియానాలోని జోన్స్‌బరోలో డీకన్స్ ఫర్ డిఫెన్స్ అనే నల్లవాళ్ల సంఘం తుపాకులతో తమ వీధులకు కాపలా కాసింది. తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ దాడుల ముందు వాళ్లకు వేరే గత్యంతరం లేదు. ఏడాది తిరక్కుండా ఫెడరల్ ప్రభుత్వం ఆ రాష్ట్రంలోని బొగలూసాలో క్లాన్ మీద కోర్టుకెక్కింది. వాళ్ల కాపలా గెలిచిందంటే, సర్కారును దాని పనిలోకి లాగింది కాబట్టి. బ్లాక్ పాంథర్లు చట్టం ఒప్పుకున్న తుపాకులతోనే కాలిఫోర్నియా వీధుల్లో తిరిగితే, 1967లో చట్టాన్నే మార్చేశారు. జనసమూహాలకు ఆత్మరక్షణ పంచే చేయి ఎప్పుడూ తనకు నచ్చినవాడికే పంచుతుంది. సల్వాజుడుం మొదలైన 2005లోనే ఫ్లోరిడా, వెనక్కి తగ్గనక్కర్లేదనే చట్టం చేసింది. 2012లో అక్కడ కాలనీ కాపలా వాలంటీరు ఒకడు ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల నల్ల కుర్రాణ్ణి కాల్చి చంపాడు. కుర్రాడి చేతిలో ఆయుధం లేదు. ఆత్మరక్షణే అని జ్యూరీ ఒప్పుకుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో, తన దేశాన్ని ఎవరి నుంచో కాపాడుకుంటున్నాననుకున్న మరొకడు మన శ్రీనివాస్ కూచిభొట్లను చంపాడు. ఆ రాత్రి అతన్ని ఆపబోయి తూటా తిన్న ఇయాన్ గ్రిలట్ తెల్లవాడు. ముక్కూ ముఖం తెలియని మనిషి కోసం నిలబడే హక్కు గురించి మన సెక్షన్లు చెప్పింది అతను చేసిన పనే.

తెలంగాణలో ఈ లెక్క ఇంకా తేలలేదు. బస్తర్ నుంచి వచ్చిన గుత్తికోయలకు ఇక్కడ ఎస్టీ గుర్తింపు లేదు. వాళ్ల పోడు మీద అటవీశాఖతో గొడవలు ఆగలేదు. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజ్ అధికారిని నరికి చంపారు. కొద్ది రోజుల్లోనే బెండాలపాడు గ్రామసభ కూర్చుని, అక్కడి గుత్తికోయలంతా ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లిపోవాలని తీర్మానం చేసింది. ఊరి భద్రత కోసమే అన్నారు. 2023లో కొత్తగూడెం కోర్టు ఆ హత్య కేసులో ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. కోర్టుకు దొరికిన దోషులు ఇద్దరు. గ్రామసభ కాగితం మీద ఆడవాళ్లు, పిల్లలతో సహా గూడెం మొత్తం ఉంది.