బల్లికి గడ్డ కనిపిస్తే కంగారు పడకండి, అలాగని వదిలేయకండి

మన ఊళ్ళో బల్లి మీద పడితే తలస్నానం చేసి, కంచి బంగారు బల్లిని తాకి వచ్చినవాళ్ళు ఎవరున్నారా అని వెతికి మరీ ముట్టుకునేవాళ్ళం. ఇక్కడ అమెరికాలో మన పిల్లలు అదే జాతిదాన్ని గాజు పెట్టెలో పెట్టి, ముద్దుపేరు పెట్టి, పురుగులు తినిపిస్తున్నారు! లెపర్డ్ గెకో బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. పిల్లలు కాలేజీకి వెళ్ళాక దాన్ని చూసేది ఎవరో చెప్పాలా? అందుకే గడ్డ ముందు మన కంటే పడుతుంది.

ఉబ్బిందల్లా ట్యూమర్ కాదు. బాగా ఒళ్ళు చేసిన గెకోకి చంకల్లో మెత్తటి బుడగలు వస్తాయి. మగదానికి తోక మొదట్లో కింద రెండు ఉబ్బులు సహజమే. ఆడదైతే మగతోడు లేకపోయినా గుడ్లు పెట్టగలదు, అవి పొట్టలో గుండ్రంగా కనిపిస్తాయి. ఇక చీముగడ్డ. మనకిలా కారదు, లోపల జున్నులా గట్టిపడిపోతుంది. అందుకే అచ్చం ట్యూమర్‌లాగే తగులుతుంది. దయచేసి మీరే పిండకండి.

అసలు జాగ్రత్త పడాల్సింది 'లెమన్ ఫ్రాస్ట్' రకంతో. తెల్లటి మెరుపు కలిసిన నిమ్మపసుపు రంగు, చూస్తే ఎవరైనా ముచ్చటపడతారు. ఆ మెరుపునిచ్చే కణాలే అదుపు తప్పి పెరిగి చర్మం మీద తెల్లటి మందపాటి గడ్డలవుతాయి. 2021లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు దీని మూలం స్పింట్1 అనే జన్యువు దగ్గరుందని చూపించారు. ఈ రకంలో 80 శాతం పైగా వాటికి ఈ గడ్డలొస్తాయి. అంటే అందం, జబ్బు ఒకే చోటునుంచి వస్తున్నాయన్నమాట. పుట్టినరోజు కానుకగా కొనేముందు ఏ రకమో, తల్లిదండ్రులు ఏ రకమో అడగండి. ఇంట్లో ఇప్పటికే ఉంటే మాత్రం జత కట్టించకండి.

గడ్డ కనిపించిందా? పక్కన స్కేలు పెట్టి వారానికో ఫోటో తీయండి. విడిగా ఒక చిన్న కాటా కొని బరువు రాసిపెట్టుకోండి, వంటింటి కాటా వద్దు. గడ్డ పెరుగుతున్నా, రక్తం వచ్చినా, తిండి మానేసినా, కొవ్వు దాచుకునే తోక సన్నబడుతున్నా ఆగకండి. కుక్కల డాక్టర్లందరూ బల్లుల్ని చూడరు. 'ఎగ్జోటిక్స్' చూస్తారా అని ముందే ఫోన్ చేసి అడగండి. సూదితోనో, చిన్న ముక్క తీసో పరీక్ష చేస్తేగానీ ఏ గడ్డో తేలదు. కొన్నిటికి ఆపరేషన్ పనిచేస్తుంది. లెమన్ ఫ్రాస్ట్ గడ్డలు మాత్రం తీసినా మళ్ళీ రావచ్చు. పసుపు, మన ఆయింట్‌మెంట్లు, నొప్పి మాత్రలు వద్దే వద్దు.

ఈ గడ్డలు పిల్లలకి అంటుకోవు. కానీ సాల్మొనెల్లా అంటుకోవచ్చు కాబట్టి, పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి.

చివరిగా ఒక్కమాట. నయం కాదని డాక్టర్ చెబితే, పిల్లాడు స్కూల్లో ఉన్నప్పుడు గుట్టుగా తీసుకెళ్ళి, "ఎక్కడికో పారిపోయింది నాన్నా" అని చెప్పకండి. వాడు మంచాల కింద వెతుకుతూనే ఉంటాడు. నిజం చెప్పి, దగ్గర కూర్చోబెట్టుకుని వీడ్కోలు చెప్పనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి, పక్కన మనం ఉన్నాం కదా.