పానాకు పట్టా తోడైతే ఎంత?

కోనసీమలో కొత్తపేట మండలం పలివెల చుట్టుపక్కల బళ్లకు కొదవ లేదు. రావులపాలెం మార్కెట్టుకు అరటిగెలలు మోసే వ్యాన్లు, అంబాజీపేట కొబ్బరి లారీలు, ఆటోలు, స్కూలు బస్సులు, ట్రాక్టర్లు. బళ్లున్న చోట షెడ్డుంటుంది, షెడ్డులో మేస్త్రి ఉంటాడు, మేస్త్రి పక్కన ఒక కుర్రాడుంటాడు. ఆ కుర్రాడు బడి మానేసి వచ్చినా, ఐటీఐలో రెండేళ్లు మోటార్ మెకానిక్ చదివి వచ్చినా మొదటి నెల చేతిలో పడేదాంట్లో పెద్ద తేడా ఉండదు. "ఆయ్, నాకు సర్టిఫికెట్టుందండి" అంటే "దాన్ని ఇంట్లో దాచుకుని ముందు ఆ క్లచ్ ప్లేటు విప్పరా" అంటాడు మేస్త్రి. మరి ఆ కాగితం డబ్బు చేసేది ఎక్కడ? చాలావరకు షెడ్డు బయటే.

నెలకు 350 రూపాయలు

ఐటీఐలో బళ్ల పని నేర్పే పాత కోర్సులు రెండు. డీజిల్ మెకానిక్ ఏడాది, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. రెంటికీ టెన్త్ పాసై ఉండాలి. ఆ తర్వాత కంపెనీలో అప్రెంటిస్‌గా చేరితే 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ వస్తుంది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం ఐటీఐ వాళ్లకు కనీసం 7,000 రూపాయలు. రెండో ఏడాది దానిమీద 10 శాతం, మూడో ఏడాది 15 శాతం ఎక్కువ. ఐటీఐలో చదివిన కాలాన్ని కూడా శిక్షణలో కలిపేస్తారు కనుక ఏడాది కోర్సు చేసినవాడికి 7,700, రెండేళ్లు చేసినవాడికి 8,050. తేడా 350. అదనంగా చదివిన పన్నెండు నెలలకు ప్రభుత్వం కట్టిన వెల అదన్నమాట! ఒక్క స్టైపెండ్ కోసమే అయితే రెండో ఏడాది దండగే. ఈ స్టైపెండ్లను 36 శాతం పెంచాలని 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది.

రైలు లేని సీమ నుంచి రైలింజనులోకి

అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. కోటిపల్లి–నర్సాపురం లైను కోసం ఎదురుచూస్తూ ఒక తరం పెద్దదైపోయింది. అయినా మోటార్ మెకానిక్ సర్టిఫికెట్టున్న కోనసీమ కుర్రాడు రైలింజను ఎక్కొచ్చు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి రైల్వే ఒప్పుకునే ఐటీఐ ట్రేడుల్లో మోటార్ వెహికల్, డీజిల్ మెకానిక్ రెండూ ఉన్నాయి. మూలవేతనం 19,900తో మొదలవుతుంది, కరువు భత్యం, బండి నడిపినందుకు ఇచ్చే భత్యాలు వేరు. 2024 జనవరిలో 5,696 పోస్టులకు ప్రకటన ఇచ్చిన రైల్వే ఆ తర్వాత ఆ సంఖ్యను 18,799కి పెంచింది. పలివెల షెడ్డులో పదేళ్లు లారీ గేర్ బాక్సులు దింపి ఎక్కించిన మేస్త్రికి మాత్రం, చేతిలో కాగితం లేకపోతే, ఆ పరీక్షకు దరఖాస్తు చేసే అర్హత కూడా లేదు.

శ్రామిక్ అంటే ఆర్టీసీ మెకానిక్కు తొలిమెట్టు

ఆర్టీసీ డిపో గ్యారేజీలో ఐటీఐ వాళ్లు చేరే ఉద్యోగం పేరు శ్రామిక్. తెలంగాణలో 2025 సెప్టెంబరులో 743 శ్రామిక్ పోస్టులకు ప్రకటన వచ్చింది. వేతన స్కేలు 16,550 నుంచి 45,030. అదే ప్రకటనలో డ్రైవర్ల స్కేలు 20,960 నుంచి 60,080. బస్సు నడిపేవాడికంటే బస్సును నడిచేలా చేసేవాడికి తక్కువ! ఈ లెక్క వెనక ఏ తర్కముందో గాని, గ్యారేజీలో రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు అది రుచించదు.

ఆంధ్రప్రదేశ్‌లో కథ ఇంకోరకం. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వ ప్రజా రవాణా శాఖలో కలిపేశారు. అంతకుముందు రోజుదాకా కార్పొరేషన్ మనుషులుగా ఉన్న అమలాపురం, రాజోలు, రావులపాలెం డిపోల మెకానిక్కులు తెల్లారేసరికి సర్కారు ఉద్యోగులయ్యారు. మన వైపు సంబంధాలు మాట్లాడేటప్పుడు ఆ మాటకుండే బరువు వేతన స్కేలులో కనిపించదు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు బీటెక్కే ఉండక్కర్లేదు

రోడ్డు మీద బళ్లు ఆపే మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టరంటే చాలామంది ఇంజనీరింగ్ చదివినవాడే అనుకుంటారు. తెలంగాణలో 2022 చివర 113 అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్ పోస్టులు ప్రకటించినప్పుడు బీటెక్‌తో పాటు మూడేళ్ల ఆటోమొబైల్ డిప్లొమా కూడా అర్హతే అన్నారు. డ్రైవింగ్ లైసెన్సు తప్పనిసరి. టెన్త్ తర్వాత మూడేళ్ల పాలిటెక్నిక్కూ, నాలుగేళ్ల బీటెక్కూ ఒకే వరుసలో నిలబడే చోట్లలో ఇదొకటి.

ఏళ్ల లెక్క

టెన్త్, ఇంటరు, బీటెక్: టెన్త్ తర్వాత ఆరేళ్లు. టెన్త్, పాలీసెట్ రాసి డిప్లొమా, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాది: మూడు, మూడు, మొత్తం ఆరేళ్లే. రెండేళ్ల ఐటీఐ చేసి, బ్రిడ్జి కోర్సు, ప్రవేశపరీక్ష దాటి డిప్లొమా రెండో ఏడాదిలో చేరి, అక్కణ్నుంచి బీటెక్‌కు వెళితే ఏడేళ్లు. ఒక్క ఏడాది ఎక్కువ. కాని మధ్యలో ఇంట్లో డబ్బు ఆగిపోతే ఇంటరు దారిలో వెళ్లినవాడి దగ్గర సగం బీటెక్ ఉంటుంది, ఈ దారిలో వచ్చినవాడి దగ్గర అప్పటికే ఉద్యోగానికి పనికొచ్చే కాగితముంటుంది. అప్పు చేసి చదివించే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

అన్నట్టు, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన వసతి దీవెన పథకం కింద భోజనం, వసతి ఖర్చులకు ఏడాదికి ఐటీఐ పిల్లలకు 10,000, పాలిటెక్నిక్ వాళ్లకు 15,000, డిగ్రీ వాళ్లకు 20,000 ఇచ్చారు. పానా పట్టేవాడు తక్కువ తింటాడని కాబోలు!

కాగితం షెడ్డులోకి వచ్చిన ఏడాది

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కొత్త బళ్లన్నీ బీఎస్-6. బీఎస్-5 జోలికి పోకుండా నాలుగు నుంచి ఆరుకు దూకేశారు. చాలా మోటారు సైకిళ్లలో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. స్క్రూ కాస్త తిప్పి, చెవితో విని ఇంజనును దారిలో పెట్టే విద్య ఆ కొత్త బళ్ల దగ్గర చెల్లదు. పెద్ద డీజిల్ లారీల్లో పొగను శుభ్రం చేయడానికి యూరియా కలిపిన ద్రావణం పోస్తారు. అది అయిపోతే కంప్యూటరే ఇంజను బలం తగ్గించేస్తుంది, డ్రైవరు ఎంత తొక్కినా బండి లాగదు. జబ్బేమిటో స్కానరు పెట్టి కోడు చూసి చెప్పాలి, ఆ కోడు సెన్సరును తప్పుపడుతోందా, వైరునా, పంపునా అని మల్టీమీటరుతో తేల్చాలి. కోడు చూడగానే ఆ భాగం మార్చేసేవాడు కస్టమరు జేబు ఖాళీ చేస్తాడు. తరగతిలో సర్క్యూట్ బొమ్మ చదవడం నేర్చుకున్న కుర్రాడికి పాత మేస్త్రి పక్కన కాస్త గొంతు వచ్చింది ఇక్కడే. ఇక కరెంటు బళ్ల కోసం ఐటీఐల్లో రెండేళ్ల ప్రత్యేక ట్రేడే వచ్చింది.

అమెరికాలో ఎలా?

అక్కడ ఈ పని నేర్పేవి కమ్యూనిటీ కాలేజీలు, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో. 1979లో జనరల్ మోటార్స్ మిషిగన్‌లోని డెల్టా కాలేజీతో కలిసి చదువు, డీలరు వర్క్‌షాపులో పని మార్చి మార్చి చేయించే కోర్సు పెట్టింది. స్థానికులకు ఏడాది ఫీజు సగటున 4,000 డాలర్లకు కాస్త పైన. 2024 మే లెక్కల్లో ఆటో మెకానిక్కుల మధ్యస్థ వార్షిక వేతనం 49,670 డాలర్లు. అంకె చూసి నోరూరొచ్చు గాని, పనిముట్లు మెకానిక్కే కొనుక్కోవాలి, వేలకు వేల డాలర్లు. పైగా చాలాచోట్ల జీతం గంటలకు కాదు, పనికింత అని. పుస్తకంలో రెండు గంటలని రాసి ఉన్న పని తుప్పు పట్టిన బోల్టు వల్ల నాలుగు గంటలు పట్టినా ఇచ్చేది రెండింటికే.

గల్ఫ్ గేటు దగ్గర

కోనసీమలో మెకానిక్కంటే కువైట్, మస్కట్ మాటలు రాకుండా ఉండవు. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటే గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. టెన్త్ పాసైనవాడికి ఆ బెడద లేదు. రెండేళ్ల ఐటీఐ ఉన్నవాడికీ లేదు, కాని మోటార్ మెకానిక్‌లో చేరాలంటేనే టెన్త్ పాసై ఉండాలి. కాబట్టి ఆ గేటు తెరిచేది నిజానికి టెన్త్ మెమోనే.

సొంత షెడ్డుకు

కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ రుణంతో వర్క్‌షాపు పెట్టాలంటే సర్వీసు యూనిట్లకు 20 లక్షల దాకా ప్రాజెక్టు ఒప్పుకుంటారు. పల్లెల్లో జనరల్ వాళ్లకు 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలకు 35 శాతం సబ్సిడీ. ఐదు లక్షలు దాటితే అడిగే చదువు ఎనిమిదో తరగతి. ఐటీఐ ఊసే లేదు.

షెడ్డులోనే పని నేర్చుకున్నవాళ్లకు కూడా ఐటీఐ దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఆ ట్రేడులో మూడేళ్ల అనుభవం చూపిస్తే ప్రైవేటు అభ్యర్థిగా అఖిల భారత ట్రేడ్ పరీక్ష రాయొచ్చు. ప్రాక్టికల్స్ వాళ్లకు లెక్కే కాదు. చిక్కల్లా థియరీ పేపరు దగ్గర, అంతకంటే ముందు అనుభవ పత్రం దగ్గర. రిజిస్ట్రేషనూ లెటర్ హెడ్డూ లేని షెడ్డు మేస్త్రి ఆ పత్రం దేనిమీద రాసివ్వాలి?