వార్తల్లో పదం: వైద్య నిర్లక్ష్యం

రోగి చనిపోయినంత మాత్రాన డాక్టరుది తప్పని కోర్టు అనదు. సాటి వైద్యులు పాటించే కనీస జాగ్రత్త లోపించిందా అన్నదే చూస్తుంది. క్రిమినల్ కేసుకైతే ఘోర నిర్లక్ష్యమే ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఛాతీ కణితికి ఆపరేషన్ చేయించుకున్న ఇంజినీరింగ్ విద్యార్థికి నడుము కింది భాగం చచ్చుబడింది. సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇప్పించింది, అదీ 2009లో! ఇంత జాప్యం మరో శిక్షే.

దోమకొండ లాంటి ఊళ్లో ఉండే రోగి హైదరాబాద్‌లో డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తన ఊరు ఏ జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. అందరికీ ఉచితంగా చూసే సర్కారు దవాఖానకు ఈ చట్టం వర్తించదు. అక్కడ జరిగిన నిర్లక్ష్యానికి సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. అడిగిన 72 గంటల్లో కేస్‌షీటు నకలు ఇవ్వాలన్నది నిబంధన. ఎక్కడ ఫిర్యాదు చేసినా, ముందు అది తీసుకోండి.