ఒలికిన కాఫీకి ఉత్తరవాది యెవరు?

అలిపిరి పాదాలమండపమునుండి తిరుమలకు దాదాపు 9 కిలోమీటర్ల నడక, సుమారు 3,550 మెట్లు. తెల్లవారుజామున నడక కుపక్రమించు యాత్రికులకు గ్రుక్కెడు వేడికాఫీ ప్రాణము పోసినట్లుండును. చంకలో బిడ్డ, చేతిలో సంచి, చుట్టును జనసమ్మర్దము. అట్టిచోట పలుచని కాగితపు గ్లాసును అంచువరకు నింపి యందించినచో ఒలుకుట కెంతసేపు? ఒలికినపిమ్మట “మీరే చూచుకొనవలసినది” యనుట లోకరీతి. స్త్రీలును “నా కర్మ” మని యూరకుందురు. ఇది యెంతవరకు న్యాయమో విచారింతము.

60 డిగ్రీల వేడినీరు పెద్దవారి చర్మమునైనను సుమారు 5 సెకండ్లలో లోతుగా కాల్చును. పసిబిడ్డలకు అంత వ్యవధియు నక్కరలేదు.

1992లో అమెరికాదేశపు ఆల్బుకర్క్ పట్టణమున స్టెల్లా లీబెక్ అను 79 ఏండ్ల వృద్ధురాలు మెక్‌డొనాల్డ్స్ దుకాణమున కాఫీ కొనెను. నిలిపియున్న కారులో మూత తీయుచుండగా అది యొడిలో నొలికెను. ఆమె 8 దినములు ఆసుపత్రిలో నుండి, కాలినచోట వేరుచర్మము అతికించుకొనవలసివచ్చెను. “కాఫీ వేడిగా నుండునని తెలియదా?” యని లోకము నవ్వెను. కాని 1994 నాటి విచారణలో తేలిన దేమి? ఆ సంస్థ కాఫీని 82 మొదలు 88 డిగ్రీల వేడిలో నుంచుచుండెను. పదియేండ్లలో 700కు పైగా ఫిర్యాదులు వచ్చినను పద్ధతి మార్చుకొనలేదు. జూరీవారు తప్పు నూటికి 20 పాళ్లు ఆమెదనియు, 80 పాళ్లు సంస్థదనియు నిర్ణయించిరి. శిక్షారూపమున వారు విధించిన 27 లక్షల డాలర్లను న్యాయాధిపతి 4,80,000కు తగ్గించెను. తుదకు ఉభయులును రాజీపడిరి. కొన్నవారి యజాగ్రత్త పరిహారమును తగ్గించునేగాని, అమ్మినవారి బాధ్యతను తుడిచివేయదని యిందలి నీతి.

మనదేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చినది. వెల చెల్లించి పొందిన వస్తువువలన గాని సేవవలన గాని హాని కలిగినచో పరిహారము కోరవచ్చును. ఉచితముగా నిచ్చు పానీయమునకు ఈ చట్టము వర్తింపదు. అందరికిని తెలిసిన యపాయమును గూర్చి హెచ్చరింపలేదని తయారీదారుపై నేరము మోపుటకు వీలులేదు. కావున “కాఫీ వేడిగా నున్న” దనుట చాలదు. మూత వదులుగా నుండెననియో, గ్లాసు చిల్లిపడినదనియో, వడ్డించువాడు తొట్రుపడి పైన బోసెననియో చూపవలయును.

జిల్లా కమిషనులో ఫిర్యాదు రెండేండ్లలోపున చేయవలయును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. ఇచట లెక్కించునది కాఫీ వెలయే గాని కోరిన పరిహారము కాదు. తాము నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. వకీలు లేకయే వాదించుకొనవచ్చును. సలహాకు 1915 అను ఫోనుసంఖ్య గలదు.

అన్నిటికంటె ముందు చేయవలసినది చికిత్స. కాలినచోట 20 నిముషములు చల్లని ధారనీరు పోయవలయును. వాపు రాకమునుపే గాజులు, ఉంగరములు తీయవలయును. మంచుగడ్డ, పసుపు, పళ్లపొడి పనికిరావు. పిమ్మట బిల్లు, గ్లాసు, మూత, గాయము ఫొటో, వైద్యుని చీటి, చూచినవారి పేర్లు భద్రపరుపవలయును.

చేతులు కాలినపిమ్మట ఆకులు పట్టుకొని ఫలమేమని మనవారందురు. ఆ సామెత కొన్నవారికేగాదు, అమ్మువారికిని చెల్లును. గ్లాసు రెండంగుళములు వెలితిగా నింపి, మూత బిగించి, బిడ్డ నెత్తుకొన్న తల్లికి చేతికీయక బల్లపై నుంచిన వర్తకునకు వచ్చు నష్టమేమి? సోదరీమణులారా, అట్లు చేయుమని యడుగుట గయ్యాళితనము కాదు. అడుగువారున్నచోటనే అమ్మువారికి జాగ్రత్త యలవడును.