చిత్తమునకు సాము

రోగములలో కొన్ని శైశవమున వచ్చును, కొన్ని వార్ధక్యమున వచ్చును. ఉన్మాదము మాత్రము యౌవనమును ఏరికోరి పట్టును. పదునెనిమిది, ఇరువది యేండ్ల ప్రాయమున, చదువు ముగింపునకు వచ్చి కుటుంబము ఆశలు పెట్టుకొన్న వేళ, కుర్రవాని చేతిలోని పుస్తకము నిలిచిపోవును. అక్షరములు కనబడును గాని అర్థము నిలువదు. ఉపాధ్యాయుని వాక్యము ముగియులోపల దాని మొదలు జారిపోవును. పిమ్మట ఎవరో తన్ను గూర్చి గుసగుసలాడుచున్నట్లు వినబడును. ఇంటివారు దీనిని తొలుత సోమరితన మందురు, తరువాత గాలి సోకినదందురు, తాయెత్తు కట్టింతురు. మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు గడచినగాని వైద్యుని గడప త్రొక్కరు.

పందొమ్మిదవ శతాబ్ది చివర జర్మను వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ ఈ రోగములలో ఘోరమైన దానికి 'అకాల బుద్ధిమాంద్య' మను నర్థము వచ్చు లాటిను పేరు పెట్టెను. 1908లో స్విట్జర్లండు వైద్యుడు బ్లాయిలర్ దానిని స్కిజోఫ్రీనియా అనెను. క్రెపెలిన్ పేరులోని నిరాశ మితిమీరినదే. కాని అది ఒక నిజమును వ్రేలు పెట్టి చూపినది. 1950ల నుండి వచ్చిన మందులు భ్రమలను, లేని మాటలు వినబడుటను చాలమందిలో అణచగలిగినవి. జ్ఞాపకమును, ఏకాగ్రతను తిరిగి తెచ్చిపెట్టలేకపోయినవి. రోగము నయమైనదని ఇంటికి పంపిన కుర్రవాడు కొట్టులో రెండు పద్దులు కలుపలేడు; పొలమునకు పంపినచో చెప్పిన మూడు పనులలో ఒకటియే గుర్తుండును. లోకము వానిని మరల సోమరి యనును.

ఈ లోటునకే నేడు ఒక సాధన బయలుదేరినది. అభ్యాసము వలన మెదడు మారునని చిరకాలము పరిశోధించిన అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ మెర్జెనిక్ స్థాపకులలో ఒకడుగా నున్న పాజిట్ సైన్స్ అను సంస్థ తయారుచేసిన అభ్యాసములను, శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మెలిస్సా ఫిషర్, సోఫియా వినోగ్రడోవ్ ప్రభృతులు క్రొత్తగా రోగము సోకిన 86 మంది యువజనులపై పరీక్షించి 2015లో ఫలితములు ప్రకటించిరి. వారికి ల్యాప్‌టాప్ యంత్రములిచ్చి ఇంటికే పంపిరి. ఒక వర్గము సుమారు ఎనిమిది వారములలో 40 గంటలు వినికిడి సాధన చేయవలెను; మరియొక వర్గము అంతకాలమును సామాన్యమైన కంప్యూటరు ఆటలాడవలెను. ధ్వని పైకి లేచుచున్నదా, క్రిందికి దిగుచున్నదా? విన్న రెండక్షరములలో ఏది బా, ఏది డా? వరుసగా విన్నవానిని ఆ వరుసనే చెప్పగలవా? సరిగా చెప్పినకొలది ధ్వనులు త్వరితమగును, తప్పినచో మెల్లనగును. సాముగరిడీలో గురువు శిష్యుని బలము చూచి బరువు పెంచునట్లే ఇదియు. విన్న మాటలను జ్ఞాపకముంచుకొనుటయందు, చిక్కులు విప్పుటయందు సాధన చేసినవారు ఆటలాడినవారి కంటె మెరుగైరి. అట్టి అభ్యాసములు నేడు చేతి ఫోనులోనికి యాప్ రూపమున వచ్చినవి.

ఇంతమాత్రమున ఉన్మాదమునకు మందు దొరికినదని చాటుట తగదు. ఇట్టి శిక్షణపై జరిగిన 130 పరీక్షలను, దాదాపు 8,900 మంది వివరములతో, 2021లో పండితులు కలిపి చూచిరి. మేలు నిజమే, కాని అది స్వల్పము. శిక్షణ పొందిన మనుష్యుడు ప్రక్కనుండి నడిపించి, నేర్చినదానిని దినచర్యలో వాడించినచోట మేలు అధికమైనది. ఒంటరి యంత్రము చేయునది కొంచెమే. ఇక వర్తకుల సంగతి: లుమోసిటీ అను మెదడు ఆటల కంపెనీ, చదువునందును ఉద్యోగమునందును రాణింపు కలుగుననియు, వృద్ధుల మతిమరపు ఆగుననియు ఆధారములేని ప్రకటనలు చేసినదన్న అభియోగముపై 2016లో అమెరికా ప్రభుత్వముతో రాజీపడి 20 లక్షల డాలర్లు చెల్లించుకొన్నది. అంగడి క్రొత్తది, సరకు పాతది.

మన సంగతి చూతము. 2016లో వెలువడిన జాతీయ మానసికారోగ్య సర్వే ప్రకారము ఇట్టి రోగులలో నూటికి డెబ్బదిమందికి పైగా చికిత్సయే లేదు. చికిత్స లేనివానికి సాధన ఎవరు చెప్పుదురు? అయినను మనకొక బలము కలదు. 1984లో స్థాపితమైన చెన్నపట్నపు స్కార్ఫ్ సంస్థయు, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమును తొలిదశ రోగులను పోల్చి చూడగా, చెన్నపట్నమున కుటుంబములు చికిత్సలో హెచ్చుగా పాల్గొన్నట్లు తేలినది. వైద్యుని ప్రక్కన అక్కయో, తల్లియో కూర్చుండి సాధన చేయించు దేశమున ఈ పద్ధతికి అమెరికాలో లేని అనుకూలము కలుగవచ్చునని మా తలంపు.

కాని భాష మాట యేమి? ఈ సాధనకు ప్రాణము ధ్వని. తెరమీది మాటలను తెలుగు చేసి, చెవిలో ఆంగ్లపు అక్షరములనే మ్రోగించుట అనువాదము కాదు, అపచారము. లకు ళకు, నకు ణకు, హ్రస్వమునకు దీర్ఘమునకు గల భేదముపై మన బిడ్డ చెవి పెరిగినది. సాధన అక్కడ మొదలుపెట్టవలెను. ఎఱ్ఱగడ్డ, విశాఖపట్నము మానసిక వైద్యశాలల వైద్యులును, మన విశ్వవిద్యాలయముల భాషాశాస్త్రజ్ఞులును కలిసి కూర్చున్నచో ఇది అసాధ్యమైన పనికాదు. ప్రభుత్వ ధనముతో చేసి, ప్రజలకు ఉచితముగా నీయవలెను. రోగి చేసిన ప్రతి తప్పును యంత్రము వ్రాసికొనును. ఆ చిట్టా కంపెనీ పెట్టెలో నుండరాదు. 2017 నాటి మానసికారోగ్య చట్టము రోగి రహస్యమునకు రక్షణ ఇచ్చుచున్నది. దానిని ఈ చిట్టాలకును గట్టిగా వర్తింపజేయవలెను.

ఈలోపల బిడ్డయందు ఇట్టి చిహ్నములు చూచినవారు యాప్‌లను వెదకుటకు ముందు వైద్యుని వెదకవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలిమానస్ సంఖ్య 14416. రాత్రింబగళ్లు పలుకుదురు, తెలుగులోను పలుకుదురు.